ఓడ చూసే దిక్కు వేరు, పోయే దిక్కు వేరు

ముందుగా మీ ప్రశ్న క్లుప్తంగా. ఓడ ప్రమాదాల మీద ఒక పుస్తకాన్ని మీరు తెలుగులోకి తెస్తున్నారు. మూలంలో నాలుగు చోట్ల నాలుగు వేర్వేరు మాటలు ఉన్నాయి. మీ తెలుగులో నాలుగింటికీ "ఓడ కుడివైపు తిరిగింది" అనే వచ్చింది. అది సరిపోతుందా? పోర్టు, స్టార్‌బోర్డు అనే మాటలకు ఎడమ, కుడి అని రాస్తే తప్పేమిటి? టైటానిక్ మీద "స్టార్‌బోర్డు" అని ఆజ్ఞ ఇస్తే ఓడ ఎడమకు ఎందుకు తిరిగింది? ఇవీ మీరు అడిగినవి.

సరిపోదు. నేను ఇరవై ఆరేళ్లు సరకు ఓడల మీద పనిచేశాను, అందులో చివరి తొమ్మిదేళ్లు కెప్టెన్‌గా. పత్రికల్లో ఓడ వార్త వస్తే ఇప్పటికీ పెన్సిలు చేతిలో పట్టుకుని చదువుతాను, అదొక జబ్బు. నేల మీద తిరిగే మనకు ముఖం ఎటు ఉంటే నడక అటే. బస్సు ముందు అద్దం ఎటు చూస్తే బస్సు అటే పోతుంది. ఓడకు ఆ నియమం లేదు. ముక్కు ఒక దిక్కున ఉంటుంది, పోయేది మరో దిక్కుకు, పైగా పోతూ పోతూ మూడో వైపుకు ఒరిగి కూడా ఉండవచ్చు. ఈ మూడూ కలిసిపోకుండా ఉండటానికే నావికులు ఇన్ని మాటలు పెట్టుకున్నారు. మీ నాలుగు వాక్యాల్లో పోయింది సరిగ్గా ఆ తేడాయే.

తేలికైన దానితో మొదలుపెడతాను. నాగార్జునసాగర్ ఆనకట్టకు దిగువన నిలబడి ఆనకట్ట వైపు చూడండి. ఎడమ కాలువ మీ కుడిచేతి వైపు ఉంటుంది, కుడి కాలువ ఎడమచేతి వైపు. అయినా వాటి పేర్లు ఎవరూ మార్చరు. నది పారే వైపు ముఖం పెట్టి ఎడమ, కుడి అని నిర్ణయించారు. మనం ఎటు తిరిగి నిలబడినా అవి అవే. పోర్టు, స్టార్‌బోర్డు కూడా అంతే. ఓడ ముందు భాగం వైపు ముఖం పెట్టినప్పుడు ఎడమ పక్క పోర్టు, కుడి పక్క స్టార్‌బోర్డు. ఓడను రేవుకు కట్టేటప్పుడు వెనుక డెక్కు మీద తాళ్లు చూసేవాడి ముఖం వెనక్కి ఉంటుంది, బ్రిడ్జి మీద, అంటే ఓడను నడిపే గదిలో ఉన్నవాడి ముఖం ముందుకు ఉంటుంది. "కుడి తాడు వదులు" అని వాకీటాకీలో చెబితే ఎవరి కుడి? ఆ సందేహం తీరడానికి రెండు సెకన్లు పడుతుంది. బిగిసిన తాడు తెగి మనిషి కాళ్ల మీదికి రావడానికి అంత కూడా పట్టదు.

స్టార్‌బోర్డులో ఉన్న స్టార్ నక్షత్రం కాదు. పాత ఇంగ్లిషులో ఓడను నడిపే పక్క అనే అర్థమున్న మాట అరిగి అరిగి అలా అయింది. చుక్కాని ఓడ వెనుక మధ్యకు చేరకముందు, ఉత్తర ఐరోపా ఓడల్లో ఒక పెద్ద తెడ్డును కుడి పక్కన వేలాడదీసి దానితో ఓడను తిప్పేవారు. తెడ్డు నలిగిపోకుండా ఉండాలంటే రేవు గోడకు రెండో పక్క ఆనించాలి కాబట్టి అది పోర్టు, అంటే రేవు పక్క అయింది. దానికి అంతకుముందు లార్‌బోర్డు అనే పేరు ఉండేది. గాలివానలో అరిచి చెబితే లార్‌బోర్డుకూ స్టార్‌బోర్డుకూ తేడా ఏం తెలుస్తుంది? 1844లో బ్రిటిష్ నౌకాదళం ఆ పాత మాటను తీసేసి పోర్టు అనే మాటే వాడాలని ఆదేశించింది. మన చుక్కానిలో కూడా చుక్క లేదు. ధ్రువనక్షత్రాన్ని చూసి నడుపుతారు కాబట్టి చుక్కాని అయిందని మా స్కూలు మాస్టారు చెప్పేవారు, వినడానికి ఎంతో బాగుండేది. నిజానికి అది అరబ్బు నావికుల సుక్కాన్. చుక్కాని పట్టేవాడిని భారతీయ నావికులు నిన్నమొన్నటి దాకా సుకానీ అనే పిలిచేవారు. లంగరు, సరంగు కూడా ఇలా పడమటి సముద్రం మీదుగా మనకు దిగుమతైనవే.

కాబట్టి అనువాదంలో నా సలహా: కథనం సాగుతున్న చోట "ఓడ కుడి పక్క", "ఓడ ఎడమ పక్క" అని నిస్సంకోచంగా రాయండి, ఓడ అనే మాటను మాత్రం వదలకండి. "అతని కుడివైపు" అని రాశారా, పాఠకుడు మునిగినట్టే. ఆజ్ఞలు, సంభాషణలు వచ్చినచోట పోర్టు, స్టార్‌బోర్డు అనే ఉంచండి. ఇంకో చిన్న సాయం: రాత్రిపూట ఓడ పోర్టు పక్క ఎర్ర దీపం, స్టార్‌బోర్డు పక్క ఆకుపచ్చ దీపం వెలుగుతాయి. మీ పుస్తకంలో ఎవరైనా "వాడి ఎర్ర దీపం కనిపిస్తోంది" అంటే, ఎదుటి ఓడ తన ఎడమ పక్క మనకు చూపిస్తోందని అర్థం. అక్కడ ఎరుపును ప్రమాద సూచనగా అనువదించిన మహానుభావులను చూశాను.

ఇక అసలు సంగతి. హెడింగ్ అంటే ఈ క్షణాన ఓడ ముక్కు ఉన్న దిక్కు. కోర్సు అంటే మనం ఓడను నడపదలచుకున్న దిక్కు. ఈ రెండూ కాక నేల మీద లెక్కకు ఓడ నిజంగా సాగిపోయే దిక్కు ఒకటి ఉంటుంది, అంటే నీళ్లను పక్కన పెట్టి, అడుగున ఉన్న భూమితో పోల్చి చూస్తే తేలేది. ఈ మూడూ ఒకటే అయిన రోజు సముద్రం మంచి మనసుతో ఉందని లెక్క.

ఒక నవంబరులో మలక్కా జలసంధి దాటి విశాఖపట్నం వస్తున్నాం. నేను అప్పుడు థర్డ్ ఆఫీసర్ని, రాత్రి ఎనిమిది నుంచి పన్నెండు దాకా కాపలా నాది. చార్టు, అంటే సముద్ర పటం మీద మా దారి గీత 318 డిగ్రీలు, ఇంచుమించు వాయవ్యం. చక్రం పట్టినవాడు అనుభవజ్ఞుడు, గైరో దిక్సూచి అంకె 318 మీద నుంచి కదలడం లేదు. తీరం ఇంకా కనుచూపు మేరలో లేదు. కెప్టెన్ పైకి వచ్చి, చీకట్లో కళ్లు అలవాటు పడేదాకా కాసేపు ఊరుకున్నారు. తర్వాత అడిగారు.

"ముక్కు ఎటుంది?"

"మూడు వందల పద్దెనిమిది, సార్."

"ఓడ ఎటు పోతోంది?"

"మూడు వందల పద్దెనిమిది, సార్."

ఆయన మారు మాట్లాడకుండా జీపీఎస్ తెర మీద వేలు పెట్టారు. అక్కడ 311 ఉంది. ఏడు డిగ్రీల తేడా. మా వేగం 12 నాట్లు, అంటే గంటకు 12 నాటికల్ మైళ్లు. అంటే ఎదురు చూడని చెయ్యి ఒకటి ఓడను గంటకు ఒకటిన్నర నాటికల్ మైళ్ల చొప్పున, దాదాపు 2.8 కిలోమీటర్ల చొప్పున, పోర్టు పక్కకు జరుపుతోంది. నా కాపలా నాలుగు గంటలూ అలాగే సాగితే పదకొండు కిలోమీటర్లు పక్కకు పోయేవాళ్లం. దిక్సూచి మాత్రం చివరిదాకా అంతా సవ్యంగా ఉందనే చెబుతూ ఉండేది. అబద్ధం చెప్పినట్టూ కాదు. దాన్ని అడిగింది ముక్కు గురించే కదా.

ఆ చెయ్యి ఎవరిదంటే, మన తూర్పు తీరం వెంట పోయే సముద్ర ప్రవాహానిది. ఏడాదిలో అది రెండుసార్లు దిక్కు మార్చుకుంటుంది. సుమారు ఫిబ్రవరి నుంచి మే దాకా ఒడిశా వైపు, ఈశాన్యానికి పోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తమిళనాడు వైపు, నైరుతికి పోతుంది. వాయవ్యానికి వస్తున్న మాకు అది సరిగ్గా అడ్డంగా తగిలింది. ముక్కును 325కు తిప్పమన్నారు కెప్టెన్. తిప్పాక జీపీఎస్ 318కి దగ్గరగా వచ్చింది. తెల్లవారుజామున విశాఖ దీపస్తంభం వెలుగు ముక్కుకు ఎదురుగా కాక కాస్త ఎడమగా కనబడిందని తర్వాతి కాపలావాళ్లు చెప్పారు. ఓడ మాత్రం సూటిగా దాని మీదికే పోతోంది.

ఇందులో వింత ఏమీ లేదు. గోదావరిలో రేవు దాటించే పడవవాడిని గమనించండి. అవతలి రేవుకు సూటిగా ముక్కు పెట్టడు, ఎగువకు పెడతాడు. నీళ్లు దిగువకు లాగుతాయి, పడవ వెళ్లి రేవులో ఆగుతుంది. ఆ పడవవాడికి తెలిసిందే కెప్టెన్ నాకు ఆ రాత్రి నేర్పారు, కాకపోతే ఇరవై వేల టన్నుల మీద.

ప్రవాహం ఓడను నెట్టే దిక్కును సెట్ అంటారు. గాలి వల్ల ఓడ పక్కకు జారడం లీవే. ఖాళీ ఓడ నీటి పైన ఎత్తుగా తేలుతుంది కాబట్టి దానికి లీవే ఎక్కువ, నిండు ఓడకు తక్కువ. ఇంజను ఆగిపోయి గాలికీ నీటికీ వదిలేసిన ఓడ కొట్టుకుపోవడాన్ని డ్రిఫ్ట్ అంటారు. ప్రవాహం ఎంత వేగంగా లాగుతోందో చెప్పడానికీ అదే మాట వాడతారు. తెలుగులో వీటికి నెట్టుకుపోవడం, జారడం, కొట్టుకుపోవడం అని మూడు మంచి క్రియలు ఉన్నాయి. "తిరిగింది" అని ఏ ఒక్కదానికీ రాయకూడదు, ఎందుకంటే మూడింటిలోనూ ముక్కు తిరగకపోవచ్చు.

ఇక్కడ అనువాదకులు తప్పకుండా పడే గొయ్యి ఒకటుంది. గాలికి పుట్టింటి పేరు, ప్రవాహానికి అత్తింటి పేరు. గాలిని అది వచ్చే దిక్కుతో పిలుస్తారు, ప్రవాహాన్ని అది పోయే దిక్కుతో పిలుస్తారు. ఈశాన్య రుతుపవనం ఈశాన్యం నుంచి వస్తుంది. నైరుతి ప్రవాహం నైరుతికి పోతుంది. నేను చెప్పిన నవంబరు రాత్రి ఈశాన్య గాలి, నైరుతి ప్రవాహం రెండూ ఒకే వైపు నెడుతున్నాయి. కాగితం మీద చూస్తే ఎదురెదురుగా ఉన్నట్టు కనిపిస్తుంది. మూలంలో ఈ రెండూ పక్కపక్కన వస్తే ఒక బొమ్మ గీసుకుని గానీ అనువదించకండి.

బేరింగ్ అనే మాటను కూడా చాలామంది కోర్సుతో కలిపేస్తారు. బేరింగ్ అంటే మనకు ఇంకో వస్తువు కనిపించే దిక్కు. దీపస్తంభమో, మరో ఓడో. రాత్రి దూరాన ఒక ఓడ దీపం కనబడింది. పది నిమిషాల తర్వాత కూడా అదే కోణంలో ఉంది, దూరం మాత్రం తగ్గింది. అంటే ఇద్దరూ వెళ్లి ఒకే చోట కలుస్తారు. అది ఎటు చూస్తోందో, ఎంత వేగంతో వస్తోందో తెలియకపోయినా సరే, ఈ ఒక్క సంగతి చాలు, ఢీకొనే ప్రమాదం ఉందని తేల్చడానికి. కొత్త కుర్రవాళ్లకు ఇది వంటబట్టడానికి చాలా రోజులు పడుతుంది. అటూ ఇటూ పరుగెత్తే దీపాన్ని చూసి భయపడతారు, కదలకుండా ఉన్న దీపాన్ని చూసి నిశ్చింతగా ఉంటారు. "బేరింగ్ మారలేదు" అనే వాక్యం మీ పుస్తకంలో ఎక్కడైనా ఉంటే అది ప్రమాద ఘంటిక. "ఓడ దిశ మారలేదు" అని రాస్తే ఆ ఘంటిక మూగబోతుంది.

ఇప్పుడు టైటానిక్. 1912 ఏప్రిల్ 14 రాత్రి 11.40కి మంచుకొండ కనబడగానే ఫస్ట్ ఆఫీసర్ మర్డాక్ ఇచ్చిన ఆజ్ఞ "హార్డ్ ఎ స్టార్‌బోర్డ్". చక్రం దగ్గర ఉన్నది క్వార్టర్‌మాస్టర్ హిచెన్స్. ఓడ ముక్కు పోర్టుకు, అంటే ఎడమకు తిరిగింది. మంచుకొండ స్టార్‌బోర్డు పక్కను రాసుకుపోయింది. మీకు ఇది వైరుధ్యంగా కనిపించడం సహజమే.

చిన్న పడవలో వెనుక కూర్చుని చుక్కాని పిడి పట్టుకున్న మనిషిని ఊహించుకోండి. పిడిని కుడికి నెడితే నీటిలో ఉన్న చుక్కాని పలక ఎడమకు పోతుంది, పడవ ముక్కు కూడా ఎడమకు తిరుగుతుంది. ఆ రోజుల్లో ఆజ్ఞ ఆ పిడి పేరు మీద ఉండేది. పెద్ద ఓడలకు చక్రాలు వచ్చి, పిడి డెక్కు కింద ఎక్కడో మాయమై తరాలు గడిచినా ఆజ్ఞ మాత్రం మారలేదు. "స్టార్‌బోర్డు" అంటే "పిడి స్టార్‌బోర్డుకు, ఓడ పోర్టుకు" అని ప్రతి నావికుడికీ నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఆ రాత్రి చక్రాన్ని తప్పు వైపు తిప్పారనే కథ ఒకటి ఆ మధ్య ప్రచారమైంది. ఓడ రెండు పాయింట్లు పోర్టుకు తిరిగిందని హిచెన్స్ విచారణలో చెప్పిన మాటకు అది పొసగదు. పాయింటు అంటే దిక్సూచి వలయంలో ముప్పై రెండో వంతు, 11.25 డిగ్రీలు. అనువాదంలో రెండు పాయింట్లు అని వదిలేయకుండా, ఇరవై రెండున్నర డిగ్రీలు అని చెప్పడం పాఠకుడికి మేలు.

1929లో లండన్‌లో జరిగిన సముద్ర భద్రతా సమావేశం ఈ తలకిందుల పద్ధతికి స్వస్తి చెప్పాలని నిర్ణయించింది. బ్రిటిష్ ఓడల్లో 1933 నుంచి స్టార్‌బోర్డు అంటే ఓడ స్టార్‌బోర్డుకే తిరగాలి. విశాఖ రేవు తెరుచుకున్నదీ ఆ ఏడాదే, అది వేరే సంగతి. మీ పుస్తకంలోని ప్రమాదం అంతకుముందుదైతే ఆజ్ఞను ఉన్నది ఉన్నట్టుగా ఉంచి, ఓడ ఎటు తిరిగిందో పక్కనే తెలుగులో చెప్పేయండి. తర్వాతిదైతే ఆ బెడద లేదు.

చక్రం దగ్గర వినిపించే మాటల్లో కొన్ని చూడటానికి మామూలు ఇంగ్లిషు మాటల్లా ఉండి మోసం చేస్తాయి. ఇప్పటి ఓడలో ఇలా సాగుతుంది. ఆఫీసరు "స్టార్‌బోర్డ్ టెన్" అంటాడు. చక్రం పట్టినవాడు "స్టార్‌బోర్డ్ టెన్, సార్" అని తిరిగి చెబుతాడు, తిప్పుతాడు, చుక్కాని పది డిగ్రీలకు చేరాక "వీల్ స్టార్‌బోర్డ్ టెన్, సార్" అని మళ్లీ చెబుతాడు. ఆ పది డిగ్రీలు చుక్కానివి, ఓడవి కావు. ఓడ తిరుగుతూనే ఉంటుంది, పదికో ఇరవైకో ఆగదు. "మిడ్‌షిప్స్" అంటే చుక్కానిని మధ్యకు తెమ్మని. తెచ్చినా ఓడ తిరగడం ఆపదు; పెద్ద ట్యాంకరైతే నింపాదిగా ఇంకా చాలాసేపు తిరుగుతుంది. "స్టెడీ యాజ్ షీ గోస్" అంటే ఆజ్ఞ విన్న క్షణాన ముక్కు ఏ అంకె మీద ఉందో దాని మీదే ఓడను నిలబెట్టమని. దాన్ని "నెమ్మదిగా" అని, "నిదానం" అని అనువదించడం నేను కనీసం మూడు చోట్ల చూశాను. "హార్డ్" అంటే గట్టిగా తిప్పమని కాదు, చుక్కాని పోగలిగినంత కొసకు తిప్పమని. చాలా ఓడల్లో అది 35 డిగ్రీలు.

అన్నిటికన్నా పెద్ద మోసగత్తె "ఫుల్ ఎస్టర్న్". ఇంజనును వెనుక దిశలో పూర్తి బలంతో తిప్పమనే ఆజ్ఞ అది. "ఓడ పూర్తి వేగంతో వెనక్కి వెళ్లింది" అని రాస్తే పాఠకుడు ఆటో రివర్సు తీస్తున్నట్టు ఊహించుకుంటాడు. నిజానికి ఓడ ఆ ఆజ్ఞ తర్వాత కూడా ముందుకే పోతూ ఉంటుంది. పూర్తి వేగంతో పోతున్న ఓడ ఈ ఆజ్ఞ తర్వాత తన పొడవుకు పదిహేను రెట్ల దూరంలోపు ఆగగలిగితే చాలునని అంతర్జాతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. రెండు వందల మీటర్ల ఓడకు అది మూడు కిలోమీటర్లు. మీ వాక్యం "ఇంజన్లను పూర్తి బలంతో వెనక్కి తిప్పారు, ఓడ మాత్రం ముందుకే సాగింది" అన్నట్టు ఉండాలి.

ఓడ తిరగడంలోనే ఇంకో చిత్రం ఉంది. ఆర్టీసీ బస్సు మలుపు తిరిగితే వెనుక చక్రాలు మలుపు లోపలి వైపు కోసుకుంటూ వస్తాయి. ఓడకు దీనికి తలకిందులు. ముందుకు పోతున్న ఓడ తిరిగేటప్పుడు ముక్కు నుంచి ఓడ పొడవులో సుమారు మూడో వంతు దూరంలో ఉన్న ఒక బిందువు చుట్టూ తిరుగుతుంది. దాంతో వెనుక భాగం మలుపుకు బయటి వైపుకు పెద్దగా ఊడ్చుకుపోతుంది. ఎడమ పక్కన చేపల పడవ ఉందని దాని నుంచి తప్పుకోవడానికి కంగారుగా స్టార్‌బోర్డుకు తిప్పారనుకోండి, ముక్కు తప్పుకుంటుంది, వెనుక భాగం వెళ్లి పడవను కొడుతుంది. నా పక్కనే నిలబడిన ఒక కుర్ర ఆఫీసరు కాకినాడకు దూరంగా ఒక వేకువజామున సరిగ్గా ఇదే చేయబోయాడు. ముక్కు పడవను దాటేదాకా ఆగి, తర్వాత పోర్టుకే తిప్పించాను. అప్పుడు వెనుక భాగం పడవకు దూరంగా జరిగింది. పడవలో ఉన్న ముసలాయన మమ్మల్ని తిట్టిన తిట్లు బ్రిడ్జి దాకా వినిపించాయి, పూర్తిగా న్యాయమైనవే.

మనిషి నీళ్లలో పడితే అతను పడిన వైపుకే చుక్కాని తిప్పాలన్న నియమం ఇందుకే వచ్చింది. స్టార్‌బోర్డు పక్క పడితే స్టార్‌బోర్డుకు. చదివేవాడికి మనిషి మీదికి ఓడను తోలినట్టు అనిపిస్తుంది. అలా తిప్పితేనే ఓడ వెనుక భాగం, దాని కింద తిరిగే పంకా అతనికి దూరంగా పోతాయి.

అలల మీద ఓడ కదలికలు ఆరు. మూడు ఊగేవి, మూడు జరిగేవి. జరిగేవి మీకు పెద్దగా తగలవు: ముందుకూ వెనక్కూ, పక్కకు, పైకీ కిందికీ ఓడ మొత్తం జరగడం. ఊగేవాటిలో రోలింగ్ అంటే రెండు పక్కలకూ ఉయ్యాల ఊగడం. పిచింగ్ అంటే గంగిరెద్దు తల ఊపినట్టు ముక్కు లేచి పడటం. తుఫానులో అది ఏతం మానులా లేచి దిగుతుంది, ముక్కు నీళ్లను కొట్టినప్పుడు ఓడంతా గంట కొట్టినట్టు మోగుతుంది. యా అంటే ముక్కు అటూ ఇటూ దారి తప్పుతూ పోవడం, తాగినవాడి నడకలాగా. నైరుతి రుతుపవనంలో అరేబియా సముద్రాన్ని ఉత్తర దక్షిణాలుగా దాటేటప్పుడు అలలు పక్క నుంచి వస్తాయి, అప్పుడు రోలింగ్ మొదలవుతుంది. అన్నం తినే బల్ల మీద తడి గుడ్డ పరుస్తారు, కంచాలు జారకుండా.

ఒరగడానికి కూడా రెండు మాటలు ఉన్నాయి, ఇవి మీ పుస్తకానికి ప్రాణం. గాలి వల్లో, మలుపు వల్లో ఓడ ఒరిగితే హీల్. కారణం పోగానే లేచి నిలబడుతుంది. లోపల బరువు ఒక పక్కకు చేరడం వల్లో, ఒక పక్క నీళ్లు జొరబడటం వల్లో ఒరిగితే లిస్ట్. అది దానంతట అది తగ్గదు. మొదటిదానికి "ఒరిగింది" చాలు. రెండోదానికి "ఒరిగి అలాగే ఉండిపోయింది" అనాలి, ఎందుకంటే కథలో చావు బతుకుల తేడా ఆ "ఉండిపోయింది"లో ఉంది. ముందు భాగం, వెనుక భాగం నీటిలో మునిగిన లోతుల తేడా ట్రిమ్. ఎడ్లబండి మీద బస్తాలు సర్దినవారికి దీన్ని వివరించనక్కరలేదు: ముందు బరువైతే ఎడ్ల మెడ మీద పడుతుంది, వెనుక బరువైతే బండి తిరగబడుతుంది. మన తీరంలో పడవ ముందు భాగాన్ని అణియం అనేవారు. పాఠకులు ఒప్పుకుంటారనుకుంటే వాడండి, నాకైతే ఇష్టమైన మాట.

"అండర్ వే" కూడా చూసుకోండి. దీన్ని "ప్రయాణిస్తోంది" అని రాయడం మామూలు. నౌకా నిబంధనల ప్రకారం లంగరు వేయకుండా, ఒడ్డుకు కట్టకుండా, నేల తట్టకుండా ఉన్న ఓడ అండర్ వేలో ఉన్నట్టే. ఇంజను ఆపి నడిసముద్రంలో ఊరికే తేలుతున్నా అంతే. పొగమంచులో ఈ తేడాను చెవికి వినిపిస్తారు: ఇంజనుతో సాగుతున్న ఓడ రెండు నిమిషాలు దాటకుండా ఒక పొడుగు కూత వేస్తుంది, ఆగి తేలుతున్న ఓడ రెండు పొడుగు కూతలు వేస్తుంది. మీ పుస్తకంలో పొగమంచులో ఢీకొన్న అధ్యాయం ఉంటే ఒకటా రెండా అన్నది జాగ్రత్తగా లెక్కపెట్టండి, కేసు మొత్తం దాని మీద తిరిగి ఉండవచ్చు.

వేగం గురించి ఒక్క మాట, ఇది నా పాత పగ. "గంటకు పన్నెండు నాట్ల వేగం" అని రాయకండి. నాట్ అంటేనే గంటకు ఒక నాటికల్ మైలు, అంటే 1852 మీటర్లు. గంటకు అనేది అందులోనే ఉంది. పూర్వం ఒక చెక్కను తాడుకు కట్టి ఓడ వెనుక వదిలేవారు. తాడుకు 47 అడుగుల 3 అంగుళాలకు ఒకటి చొప్పున ముడులు వేసి, 28 సెకన్ల ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోపు ఎన్ని ముడులు చేతిలోంచి జారాయో లెక్కపెట్టేవారు. ఆ ముడే నాట్. తెలుగులో పన్నెండు నాట్లు అనగానే వరి పొలం కళ్ల ముందుకు రావడం మన భాష తప్పు కాదు, అయినా దీనికి ఇంతకన్నా వాడుకలో ఉన్న మాట లేదు.

ఇక మీ నాలుగు వాక్యాలు. మొదటిది కెప్టెన్ కోర్సు మార్చడం: "ఓడను కుడి పక్కకు మళ్లించారు". మళ్లించడంలో మనిషి నిర్ణయం ఉంది, అది పోకూడదు. రెండోదాంట్లో ముక్కు దానంతట అది ఊగింది: "ఓడ ముక్కు కుడికి తిరిగిపోయింది". మూడోదాంట్లో సెట్ ఉంది కాబట్టి "ప్రవాహం ఓడను కుడి పక్కకు నెట్టుకుపోయింది". నాలుగోది నాకు అనుమానంగా ఉంది. మీరు రాసిన సందర్భంలో ఓడ అప్పుడే పెద్ద మలుపు తీసుకుంది, దాని అడుగున చిల్లు కూడా పడింది. మలుపులో పడిన ఒరుగు అయితే అది హీల్, చిల్లులోంచి వచ్చిన నీళ్ల వల్ల అయితే లిస్ట్. మూలంలో ఏ మాట ఉందో, మలుపు అయిపోయాక ఓడ లేచి నిలబడిందని తర్వాతి పేరాలో ఎక్కడైనా ఉందో లేదో చూసి రాయండి. అది తెలిస్తే ఆ వాక్యానికి క్రియ ఏదో చెబుతాను.